కోట గోడ కింద నఖ్బ్

బాన్సువాడ నుండి మదర్సా పిల్లలను తీసుకుని గోల్కొండ చూడటానికి వెళ్ళినప్పుడల్లా ఒక ప్రశ్న తప్పదు. "మౌలానా సాబ్, ఇక్కడి నుండి చార్మినార్ దాకా సొరంగం ఉందంట కదా, ఎక్కడ?" అది జనం నోట నలిగిన కథ. దాని జాడ చూపమంటే నేను చూపలేను. కాని ఈ గోడల కిందికి శత్రువు బయటి నుండి తవ్వించిన సొరంగాల సంగతి చరిత్రకారులు రాసిపెట్టారు. ఈ నెల పాఠం దాని గురించే.

ముందు ఒక మాట తెలుసుకుందాం. దివ్యఖుర్ఆన్‌లోని కహఫ్ సూరా 97వ ఆయతులో జుల్‌ఖర్నైన్ కట్టించిన అడ్డుగోడ ప్రస్తావన ఉంది. యాజూజ్, మాజూజ్ జాతులు ఆ గోడను ఎక్కలేకపోయాయి, దానికి రంధ్రమూ చేయలేకపోయాయి అన్నది దాని భావం. ఈ రంధ్రానికి అక్కడ వచ్చిన అరబీ పదం 'నఖ్బ్'. ఉర్దూలో దొంగ గోడకు కన్నం వేస్తే 'నఖబ్‌జనీ' అంటాము, అదే మాట. కోటను బలంతో పట్టాలనుకున్న సైన్యం పైకి ఎక్కాలి, లేదా గోడను ఛేదించాలి.

తాయిఫ్ ముట్టడి (హిజ్రీ 8, క్రీ.శ. 630) మీరు సీరత్ గ్రంథాల్లో చదివే ఉంటారు. కొందరు సహాబీలు 'దబ్బాబా' అనే కప్పు కిందికి చేరి, గోడను పగలగొట్టడానికి ముందుకు సాగారు. సఖీఫ్ తెగవారు పై నుండి ఎర్రగా కాల్చిన ఇనుప ముక్కలు వారిపై విసిరారు. కోట లొంగలేదు. దైవప్రవక్త (స) ముట్టడి ఎత్తివేసి, సఖీఫ్‌కు సన్మార్గం ప్రసాదించమని దుఆ చేశారు. మరుసటి ఏడాది ఆ తెగవారే మదీనా వచ్చి ఇస్లాం స్వీకరించారు.

తర్వాతి కాలంలో ఈ విద్య బాగా పెరిగింది. బురుజు పునాది కిందికి తవ్వుకుంటూ పోయి, పైకప్పు కూలకుండా కర్రల దూలాలు నిలబెట్టేవారు. పని పూర్తయ్యాక ఆ కర్రలకు నిప్పు పెడితే, అవి కాలి పోగానే పైనున్న బురుజు తన బరువుకు తానే కూలేది. 1144లో ఇమాదుద్దీన్ జంగీ ఎడెస్సాను, 1187లో సుల్తాన్ సలాహుద్దీన్ బైతుల్ మఖ్దిస్‌ను ముట్టడించినప్పుడు సొరంగకారుల పని కీలకమైంది. 1285లో మర్ఖబ్ కోట దగ్గర సుల్తాన్ ఖలావూన్ మరో పని చేశాడు. ఒక బురుజు కూలిన తర్వాత, మిగతా గోడల కింద తవ్విన సొరంగాలను కోటవారి ప్రతినిధులకు చూపించాడు. వాళ్ళు చూసి కోట అప్పగించారు. ఎంత రక్తం మిగిలిందో ఆలోచించండి!

మందుగుండు వచ్చాక దూలాల అవసరం తగ్గింది. సొరంగం చివర మందు కూరి, వత్తి అంటిస్తే చాలు. లోపలివారూ ఊరుకోలేదు. నేల మీద నీళ్ళ పాత్రలు పెట్టి, నీరు వణికితే ఆ దిక్కున తవ్వుతున్నారని పసిగట్టేవారు. ఎదురు సొరంగం తవ్వి మందు ఎత్తుకుపోయేవారు.

గోల్కొండలో జరిగింది ఇదే. 1687 ఫిబ్రవరిలో ఔరంగజేబు సైన్యం కందకాలు తవ్వడం మొదలుపెట్టింది. లోపల అబుల్ హసన్ కుతుబ్ షా, మనం తానాషా అంటామే, ఆయన. కోట కందకాన్ని పూడ్చడానికి మట్టి నింపే సంచుల్లో మొదటిది పాదుషా వజూ చేసి స్వయంగా కుట్టాడని చెబుతారు. మన నిజాంసాగర్ కాలువ కింద పొలాల్లో పార వేస్తే మట్టి లేస్తుంది. గోల్కొండలో పలుగు వేస్తే నల్లరాయి మోగుతుంది. అయినా తవ్వారు. జూన్ నాటికి మూడు సొరంగాలు సిద్ధమయ్యాయి.

కోటవారు ఆ సంగతి పసిగట్టారు. లోపలి నుండి తవ్వుకుంటూ వచ్చి కొంత మందు తీసేశారు, మిగతా చోట నీళ్ళు పోశారు. మొదటి సొరంగం అంటించగానే పేలుడు వెనక్కు తిరిగింది. రాళ్ళు, మట్టి దాడికి సిద్ధంగా నిలబడిన మొఘలు సైనికుల మీదనే పడ్డాయి. ఖాఫీ ఖాన్ లెక్కలో చనిపోయినవారు వెయ్యికి పైనే. రెండోదీ అంతే. మూడోది అసలు పేలనే లేదు. ఆ వానాకాలం మన మంజీరా పొంగి, ధాన్యం బండ్లు రాక, విడిదిలో కరువు, రోగాలు ప్రబలాయి.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి. రెండు వైపులా కలిమా చదివినవారే. తానాషా విలాసాలలో మునిగాడని, శంభాజీకి ధనం పంపాడని పాదుషా ఆరోపణ. అయితే బీజాపూర్, గోల్కొండలపై యుద్ధం ధర్మసమ్మతమేనా అని అడిగితే, ప్రధాన ఖాజీ షేఖుల్ ఇస్లాం ఔనని చెప్పలేదు. పదవి వదిలి హజ్ యాత్రకు వెళ్ళిపోయాడు. ఆయన తర్వాతి ఖాజీ అబ్దుల్లా కూడా ముట్టడి నడుస్తుండగా సంధి మాట ఎత్తి, పాదుషా సన్నిధికి దూరమయ్యాడు. మదర్సాలో చదివిన నాలాంటివాడికి సొరంగాల కంటే ఈ ఇద్దరే ఎక్కువ గుర్తుంటారు. జీతమిచ్చే పాదుషా ముందు నిలబడి కాదనడం మాటలా?

చివరికి గోడ పడలేదు. 1687 సెప్టెంబర్ 21, హిజ్రీ 1098 జుల్‌ఖాదా, తెల్లవారకముందే అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లంచానికి లొంగి ఒక ద్వారం తెరిచాడు. అబ్దుర్రజ్జాఖ్ లారీకి కూడా అలాంటి ఆశలే చూపించారు, అతను ఆ ఫర్మానాను చించేశాడు. ఆ తెల్లవారుజామున ఒంటరిగా ఎదురు నిలిచి, డెబ్బై దాకా గాయాలతో పడిపోయాడు. ఔరంగజేబే వైద్యులను పంపి అతనికి చికిత్స చేయించాడు. అతను బతికాడు.

తానాషాను దౌలతాబాద్ కోటలో బంధించారు. గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ గుంబజులలో ఆయన సమాధి లేదు, అది ఖుల్దాబాద్‌లో ఉంది. 1707లో చనిపోయిన ఔరంగజేబును ఖననం చేసిందీ ఆ ఖుల్దాబాద్‌లోనే.