లాయర్ ఫీజుకు పన్ను మినహాయింపు ఉంటుందా?

ప్రశ్న: పటాన్‌చెరులోని ఓ కంపెనీలో పనిచేసేవాణ్ని. ఉద్యోగం పోతే లేబర్ కోర్టుకు వెళ్లి బకాయి జీతాలు సాధించుకున్నాను. లాయర్ ఫీజును ఆదాయంలోంచి తగ్గించి చూపవచ్చా? పాశమైలారంలో వర్క్‌షాప్ నడిపే మా తమ్ముడికీ, బిల్లు ఎగ్గొట్టిన కస్టమర్‌తో కోర్టు కేసు ఉంది.
– ఓ పాఠకుడు, సంగారెడ్డి

జవాబు: మీకు కుదరదండీ. జీతం మీద స్టాండర్డ్ డిడక్షన్ తప్ప కోర్టు ఖర్చులకు వేరే మినహాయింపు లేదు. అయితే పాత సంవత్సరాల జీతం ఒకేసారి వచ్చింది కాబట్టి సెక్షన్ 89 కింద ఊరట అడగవచ్చు. రిటర్న్ కంటే ముందే ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి.

మీ తమ్ముడి సంగతి వేరు. పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చును 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 37(1) అనుమతిస్తుంది. రావలసిన బాకీ కోసం వేసిన దావా ఫీజు అందులోకే వస్తుంది. హైదరాబాద్‌కు చెందిన ధన్‌రాజ్‌గిర్‌జీ కేసులో 1973లో సుప్రీంకోర్టు, వ్యాపార ప్రయోజనం కోసమైతే క్రిమినల్ కేసు ఖర్చునూ ఒప్పుకుంది. కానీ కాలుష్య నియమాల వంటివి ఉల్లంఘించి కట్టిన జరిమానాకు మినహాయింపు లేదు. ఇంటి ఆస్తి తగాదా ఖర్చును వ్యాపార ఖాతాలో రాసినా చెల్లదు.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారినా ఈ మూలసూత్రం మారలేదు. ఫీజు రోజుకు 10,000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వవద్దని, రసీదు దాచుకోమని మీ తమ్ముడికి చెప్పండి.