పేరు – చిరునామా

విద్యార్థులారా! మన లింగసుగూరు 1956 నవంబరు 1 వఱకు హైదరాబాదు రాష్ట్రమున నుండెను. నాడు మైసూరున చేరెను. ఆ మైసూరే 1973లో కర్ణాటకమయ్యెను. చిరునామా మాఱినను పేరు నిలిచెను. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన డి.ఎన్.ఎస్. పద్ధతియు నిట్టిదే: యంత్రపు సంఖ్య మాఱినను, పేరు చెప్పినచో క్రొత్త సంఖ్యను తెలుపును.

సిస్కో స్విచ్చిలో ముందుగా ‘ఐపీ డొమైన్ లుకప్’ అని ఆజ్ఞాపించి, ‘ఐపీ నేమ్-సర్వర్’ ప్రక్కన నేమ్ సర్వరు సంఖ్యను వ్రాయవలెను. పిదప దూరపు యంత్రమొకదానిని సంఖ్యతోను, పేరుతోను వేఱువేఱుగ ‘పింగ్’ చేసి చూడుడు. సంఖ్యకు పలికి పేరునకు పలుకనిచో తీగ తెగలేదు. పేరు విప్పి చెప్పువాడు దొరకలేదు. పరీక్షింపక తీగలు పీకుట తగదని మేము పలుమాఱు చెప్పుచున్నాము.

ఈ యమరిక స్విచ్చికే. మీ కంప్యూటర్లకు వేఱుగ చేయవలెను. తుదకు ‘రైట్ మెమొరీ’ అని భద్రపఱుపుడు; లేనిచో కరెంటు పోగానే శ్రమ యంతయు వ్యర్థము.