చూచినవారి మాట

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చిట్యాల యను మండల కేంద్రము కలదు. నల్లగొండ జిల్లాలో జాతీయ రహదారిపై నున్న చిట్యాల వేరు, ఇది వేరు. 2016వ సంవత్సరమున జిల్లాలను పునర్విభజించు వరకు ఈ ప్రాంతము వరంగల్లు జిల్లాలో నుండెను. ఇచ్చటి రైతులు పత్తిని, మిరపను విరివిగా పండింతురు. రోహిణి కార్తె వచ్చినది మొదలు వారు విత్తనముల దుకాణముల చుట్టు తిరుగుచుందురు. కొన్నది మంచి విత్తనమో, నకిలీ విత్తనమో మొలకెత్తిన పిదపగాని, ఒక్కొక్కప్పుడు పూత పట్టు వరకుగాని తెలియదు. అప్పటికి అదను దాటిపోవును.

నష్టపరిహారము కోరు రైతు చేతిలో రసీదుండవలెను. దానిపై విత్తనపు లాటు సంఖ్య యుండవలెను. ఖాళీ సంచిని కూడ పంట చేతికి వచ్చు వరకు దాచవలెను. విత్తనము కొన్న రైతు కూడ వినియోగదారుడే యనియు, అతడు వినియోగదారుల న్యాయస్థానమును ఆశ్రయింపవచ్చు ననియు 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యములో ఫిర్యాదు చేసినవారు తెలుగు రైతులే. అయినను రసీదు లేనివాని మాట నిలుచుట కష్టము.

ఈ సంగతిని పెద్దలకు తెలుపుటకై చిట్యాల ప్రాంతమున ఒక పాఠశాలలోని ఎనిమిదవ తరగతి పిల్లలు సెల్‌ఫోనుతో ఒక నిమిషపు ప్రకటన చిత్రమును తీసిరని ఊహింపవచ్చును. ఇస్త్రీ చొక్కా తొడిగిన బాలుడు రైతు వేషమున దుకాణమునకు పోయెను. నోట్లు లెక్కపెట్టి యిచ్చెను. రసీదు పుచ్చుకొని చిరునవ్వు నవ్వెను. చివర "విత్తనములు కొనునప్పుడు రసీదు తప్పక పొందండి" అను అక్షరములు కనబడెను. వెనుక నుండి సంగీతము బిగ్గరగా మ్రోగెను.

తల్లిదండ్రుల సమావేశమున ఆ చిత్రమును చూపగా అందరును చప్పట్లు కొట్టిరి. "మా పిలగాడు మంచిగ చేసిండు" అని ఒక తల్లి మురిసిపోయెను. పిల్లలు పొంగిపోయిరి. కాని ఆ తల్లి మెచ్చుకొన్నది కొడుకును, చిత్రమును కాదు. "బాగున్నదా?" అని యడిగినచో "బాగున్నది" అనుటయే లోకమర్యాద. చుట్టమింట భోజనము చేయుచు పప్పులో ఉప్పెక్కువైనదని చెప్పు అతిథి యెవడు?

ఈ చిక్కు బడిపిల్లలకు మాత్రమే కలుగునది కాదు. ప్రపంచ ప్రసిద్ధులైన నిర్మాతలు కూడ దీనిని ఎదుర్కొనిరి. 1969లో అమెరికాలో 'సెసమీ స్ట్రీట్' అను బాలల టెలివిజన్ కార్యక్రమము ప్రారంభమైనది. మూడు నాలుగేండ్ల శిశువులను అభిప్రాయ మడిగిన లాభమేమి? అందుచేత ఎడ్వర్డ్ పామర్ అను పరిశోధకుడు ఒక ఉపాయము పన్నెను. టెలివిజన్ ప్రక్కనే మరియొక చిన్న తెరను నిలిపి, దానిపై ఏడున్నర సెకండ్ల కొకసారి కొత్త బొమ్మ కనబడునట్లు చేసెను. శిశువు కార్యక్రమమును చూచుచున్నాడా, బొమ్మవైపు తల త్రిప్పుచున్నాడా యని పరిశీలకులు గుర్తించుచుండిరి. శిశువు నోరు విప్పనక్కరలేదు. వాని మెడయే సమాధానము చెప్పును.

ఆ యేటి జూలైలో అయిదు నమూనా కార్యక్రమములను ఇట్లే పరీక్షించిరి. బొమ్మలు మాట్లాడునప్పుడు పిల్లలు కన్నార్పక చూచిరి. వీథిలో పెద్దవారు మాత్రమే మాట్లాడు ఘట్టములు రాగానే ప్రక్కచూపులు చూచిరి. కల్పనను వాస్తవమును కలిపినచో పిల్లలు భ్రమపడుదురని పండితులు హెచ్చరించినందువలన నిర్మాతలు బొమ్మలను వీథిలోనికి రానీయలేదు. పిల్లల చూపులను గమనించిన పిమ్మట వారు పండితుల సలహాను ప్రక్కకు పెట్టి, ఆ ఘట్టములను తిరిగి చిత్రీకరించిరి. 'బిగ్ బర్డ్' అను పెద్ద పక్షి, 'ఆస్కార్' అను కోపిష్ఠి బొమ్మ ఆ వీథిలో కాపురమునకు వచ్చినది ఇట్లే.

మన దేశమున పల్లెప్రజల కొరకు ఇట్టి శ్రద్ధ వహించిన గొప్ప ప్రయోగ మొకటి 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగినది. అమెరికావారి ఉపగ్రహము సాయమున భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములను అందించినది. ఆనాటి ఆంధ్రప్రదేశ్ వానిలో నొకటి. తెలుగు పల్లెలకు తెలుగు కార్యక్రమములు వచ్చుచుండెను. ఉత్తరములు వ్రాయుడని ప్రేక్షకులను కోరి ఊరకుండిన చదువు రానివారి మాట ఎట్లు తెలియును? కావున మానవశాస్త్రము నభ్యసించిన పరిశోధకులు, ఎంపిక చేసిన కొన్ని గ్రామములలో నెలల తరబడి నివసించిరి. ఎవరు వచ్చి కూర్చుండిరి, ఎవరు నడుమ లేచిపోయిరి, ఏ మాట అర్థము కాలేదు అను విషయములను వారు అచ్చటనే యుండి గమనించిరి.

చిట్యాల పిల్లలకు ఉపగ్రహము లేదు; పరిశోధకులును లేరు. ప్రేక్షకుల ప్రక్కన కూర్చుండుట మాత్రము వారి చేతిలోని పనియే. రెండవమారు వారు చిత్రమును ఒక వాడలో వేపచెట్టు క్రింద చూపిరి. నటించిన బాలుని ఇంటివారిని పిలువలేదు. చూపునంతసేపు తాము మాటాడరాదని కట్టడి చేసికొనిరి. ఈ కట్టడి పాటించుట కష్టతరమైన పని. ఎవరైన తప్పుగా అర్థము చేసికొన్నచో "అది కాదు" అని వివరింపవలెనని నాలుక దురదపెట్టును. వివరించినచో ప్రేక్షకునికి తెలియును గాని, చిత్రములోని లోపము నిర్మాతకు తెలియకపోవును.

చిత్రము ముగిసిన వెనుక "బాగున్నదా?" అని వారడుగలేదు. "ఇందులో ఏమి చెప్పిరి? రేపు దుకాణమునకు పోయి మీరేమి చేయుదురు?" అని యడిగిరి.

"మా సేటు చిట్టీ మీద రాసిస్తడు గద, గదేనా?" అని ఒక ముసలమ్మ యడిగెను. అప్పు లెక్క వ్రాసి యిచ్చు చీటియు, రసీదును ఒక్కటే యని ఆమె తలచినది. తెరమీద అక్షరములు కనబడినవి నిజమే. ఆమెకు చదువు రాదు. సంగీతపు హోరులో మాట వినబడలేదని మరియొకరనిరి.

అంతలో వెనుక కూర్చున్న రైతు మెల్లగా ఇట్లనెను: "ఉద్దెర తెచ్చుకునేటోనికి బిల్లు ఎవలిస్తరు బిడ్డా?"

పిల్లలు నిశ్చేష్టులైరి. వారి చిత్రములోని రైతు నోట్లు లెక్కపెట్టి యిచ్చినాడు. ఆ చెట్టు క్రింద కూర్చున్నవారిలో అనేకులు పంట వచ్చిన వెనుక తీర్చు షరతుపై విత్తనములు తెచ్చుకొనువారు. రసీదు అడిగినచో అప్పు పుట్టదేమో యను భయమే వారి నోరు కట్టివేయుచున్నది. చిత్రము వారికి తెలియని సంగతిని చెప్పబోయి, వారికి నిత్యము తెలిసిన భయమును మరచినది.

"గా పిలగాడు ఏ ఊరోడు?" అని కూడ ఒకరడిగిరి. ఇది వట్టి కుతూహలము కాదు. 2006 ప్రాంతమున బెంగుళూరులో ప్రారంభమై, తరువాత ఆంధ్రప్రదేశ్‌లోను పనిచేసిన 'డిజిటల్ గ్రీన్' అను సంస్థ, రైతుల చేతనే వ్యవసాయ చిత్రములను తీయించి పల్లెలలో చూపుచుండెను. తెరమీది రైతు పేరేమి, అతనిది ఏ ఊరు అని ప్రేక్షకులు మొట్టమొదట అడుగుచుండుట ఆ సంస్థవారు గమనించిరి. తమవంటివాడు, తమ యాస మాట్లాడువాడు చెప్పిన మాటనే వారు నమ్ముదురు. ఇస్త్రీ చొక్కా, పుస్తకములోని భాష చూచి చిట్యాల రైతు ఆ మాట తనకు కాదనుకొనుటలో వింత లేదు.

విన్న ప్రతి మాటను పాటింపవలెనా? ఒకరు పాట పెట్టుమనిరి. దుకాణదారుని దొంగగా చూపి తన్నులు తినిపింపుమని యువకులు కొందరు కోరిరి. పిల్లలు పాటను మానివేసిరి. నిమిషములో దానికి చోటు లేదు. తన్నుల సంగతికి మాత్రము చాలసేపు వాదించుకొనిరి. వర్తకులందరును మోసగాండ్రు కారు. పైగా వచ్చే యేడును ఆ రైతు ఆ దుకాణమునకే పోవలెను గదా! కావున ఆ సూచనను వదలిరి.

క్రొత్త చిత్రములో ఒక విద్యార్థి తాత పాత ధోవతితోనే నటించెను. "ఉద్దెరైనా సరే, బిల్లు రాసియ్యి సేటూ, లాటు నంబరెయ్యి" అని ఆయన నవ్వుచు అడిగెను. సంగీతము తీసివేసిరి. రసీదును, చీటిని ప్రక్కప్రక్కన పెట్టి రెంటికి గల భేదమును దగ్గరగా చూపిరి. చివర తాత రసీదును సంచిని మడచి ఇంటి చూరులో దోపెను.

మూడవమారు చూపినప్పుడు మొదటి ముసలమ్మ మరల వచ్చి ముందు కూర్చుండెను. రేపేమి చేయుదువని యడుగగా తడుముకొనక చెప్పెను. పిదప కొంచెము కోపముగా, "చూరుల పెడితే ఎలుకలు కొడ్తయి. సందుగల పెట్టుమను మీ తాతను" అనెను.

మరునాడు పిల్లలు సెల్‌ఫోను పట్టుకొని, సందుగ యున్న ఇల్లు వెదకుచు బయలుదేరిరి.