ఉమ్మడి చెరువు

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని తెలుగు సామెత. పదిమందికి చెందిన సొత్తును ఏ ఒక్కరూ తమదిగా భావించి కాపాడరని దీని భావం. హైదరాబాదు, సికింద్రాబాదు నగరాల నడుమ ఉన్న హుస్సేన్ సాగర్ చరిత్రను చూస్తే ఈ సామెత నిజమే అనిపిస్తుంది. అయితే ఉమ్మడి సొత్తు చెడిపోక తప్పదా? ఈ ప్రశ్నకు ఐరోపాలోని ఒక సరస్సు వేరొక సమాధానం చెబుతుంది.

చెరువు తవ్వించడాన్ని మన పూర్వులు సప్తసంతానాలలో ఒకటిగా ఎంచారు. గోల్కొండ ప్రభువు ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో మూసీ ఉపనదికి అడ్డంగా కట్ట వేసి ఈ చెరువును నిర్మించారు. ఆయన పేరే దానికి స్థిరపడింది. అప్పటికి హైదరాబాదు నగరం లేదు. అది 1591లో వెలసింది. 1798 నాటి ఒప్పందం మేరకు నిజాం రాజ్యంలో నిలిచిన బ్రిటిష్ సైన్యం చెరువుకు ఉత్తర దిక్కున విడిది చేసింది. ఆ ప్రాంతానికి 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు మీదుగా సికింద్రాబాదు అనే పేరు వచ్చింది. అంటే చెరువు రెండు నగరాల కంటే పెద్దది. చెరువు కట్టే ఆ రెంటినీ కలిపే దారి అయింది. నేటి ట్యాంక్‌బండ్ అదే.

ఒకప్పుడు ఈ చెరువు నగరవాసుల దాహం తీర్చింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయిన తరువాత దానితో ఆ అవసరం క్రమంగా తీరిపోయింది. అవసరం తీరినచోట శ్రద్ధ సన్నగిల్లడం లోకసహజం. నగరాలు పెరిగేకొద్దీ వాననీటిని తెచ్చే వాగులే మురుగు కాలువలయ్యాయి. సికింద్రాబాదు వైపు నుండి పికెట్ నాలా, హైదరాబాదు వైపు నుండి బంజారా, బల్కాపూర్ నాలాలు మురుగును మోసుకువచ్చాయి. కూకట్‌పల్లి నాలా ద్వారా పారిశ్రామిక వ్యర్థాలు కూడా వచ్చి చేరాయి.

మురుగులోని భాస్వరం, నత్రజని నాచుకు ఎరువులవుతాయి. నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. అప్పుడు చేపలు చనిపోతాయి, నీరు దుర్గంధమవుతుంది.

సరిగ్గా ఇటువంటి ఆపదే ఐరోపాలోని కాన్‌స్టన్స్ సరస్సుకూ వచ్చింది. ఆల్ప్స్ పర్వతపాదంలో, సముద్రమట్టానికి సుమారు 395 మీటర్ల ఎత్తున, 536 చదరపు కిలోమీటర్ల మేర అది విస్తరించి ఉంది. రైన్ నది దానిలో ప్రవేశించి వెలుపలికి సాగుతుంది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు దేశాలు దాని తీరాన్ని పంచుకున్నాయి. విశేషమేమంటే, సరస్సు ప్రధాన భాగంలో తమ సరిహద్దు ఎక్కడ ఉందో ఆ మూడు దేశాలూ ఒప్పందం చేసుకోలేదు. కానీ నీటిని కాపాడే విషయంలో మాత్రం ఏకమయ్యాయి. 1959లో ఒక ఉమ్మడి సంఘాన్ని నెలకొల్పి, 1960లో స్టెక్‌బోర్న్ పట్టణంలో ఒడంబడికపై సంతకాలు చేశాయి. సరస్సులోకి వచ్చే మురుగును ముందుగానే శుద్ధి చేయడం వారి కృషిలో కీలకం. ఫలితం వెంటనే రాలేదు. 1970ల చివర లీటరు నీటిలో 80 మైక్రోగ్రాములు దాటిన భాస్వరం, దశాబ్దాల కృషి తరువాత 10 లోపుకు తగ్గింది. నేడు జర్మనీలో దాదాపు నలభై లక్షల మంది ఆ సరస్సు నీటినే తాగుతున్నారు.

ఇక్కడ ఒక విషయం ఆలోచింపదగినది. అదే 1960లో హైదరాబాదు, సికింద్రాబాదు నగరపాలక సంస్థలు ఒకటిగా విలీనమయ్యాయి. మూడు దేశాల సరస్సు తేరుకుంది. ఒకే పాలనలోకి వచ్చిన జంటనగరాల చెరువు మాత్రం క్షీణించింది. కాన్‌స్టన్స్ సరస్సు ఎంతో లోతైనది, మంచు కరిగిన నీరు దానికి అందుతుంది. హుస్సేన్ సాగర్‌కు ఆ భాగ్యం లేదు. అయినా అసలు భేదం అది కాదు. అక్కడివారు సరస్సు కంటే ముందు దానిలోకి వచ్చే నీటిని గురించి ఆలోచించారు. ఇక్కడ కాలువల నుండి వచ్చేది చెరువు గోడుగానే మిగిలింది. 2006లో జపాన్ రుణ సహాయంతో చేపట్టిన పథకం వంటి ప్రయత్నాలు ఆ తరువాతే మొదలయ్యాయి.

కట్ట మీద షికారుకు వచ్చేవారికి చెరువు కనిపిస్తుంది. ఇంటి నుండి చెరువు దాకా వెళ్ళే కాలువ కనిపించదు. చెరువును పంచుకోవడమంటే దాని అందాన్ని పంచుకోవడమే కాదు, దాని బరువును కూడా పంచుకోవడం. ప్రయోజనంలో వాటా కోరి, బాధ్యతలో వాటా వద్దన్నచోటే సామెత నిజమవుతుంది. బాధ్యతను కూడా పంచుకున్నచోట ఉమ్మడి సొత్తు పదికాలాల పాటు నిలుస్తుంది.

ప్రశ్నలు

1. హుస్సేన్ సాగర్ రెండు నగరాల కంటే పెద్దది అనడంలోని ఆంతర్యమేమి?
2. మురుగు వల్ల జలాశయంలో ప్రాణవాయువు ఎట్లా తగ్గుతుందో వివరించండి.
3. 'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అనే సామెత ఎక్కడ నిజమవుతుంది? ఎక్కడ కాదు? పాఠం ఆధారంగా చర్చించండి.