టీచర్ మాట పిల్ల చెవి దాకా

చేవెళ్ల బస్సులో మొయినాబాద్ దాటి పోతుంటే పక్క సీటు మనిషి మాట కూడా సరిగా వినపడదు. ఇంజను చప్పుడు, గాలి చప్పుడు, కండక్టర్ కేక. అన్నీ కలిసి మాటను మింగేస్తాయి. మంచి చెవులున్న మనకే ఇట్లా ఉంటే, వినికిడి తక్కువున్న పిల్లకు ఎట్లా ఉంటుంది? ఆ పిల్లకు తరగతి గది రోజంతా ఇట్లాంటి బస్సే.

నాలుగో తరగతి చదివే ఒక పిల్లను తలచుకుందాం. చెవికి మిషను ఉంది. ఇంట్లో తల్లి పక్కన కూర్చుని అడిగితే చక్కగా జవాబు చెబుతుంది. బడిలో మాత్రం సారు అడిగేది ఒకటి, పిల్ల చెప్పేది ఇంకొకటి. తోటి పిల్లలు మొద్దు అని నవ్వుతారు. "మిషను పెట్టినా ఇనబడతలేదు. ఇగ బడి ఎందుకు? ఇంటికాడ తమ్ముణ్ణి ఎత్తుకుంటది" అని నాయనమ్మ అంటుంది. తల్లికి ఏం చెప్పాలో తోచదు. ఆ పిల్ల చదువు అక్కడే ఆగిపోవచ్చు. కానీ లోపం పిల్ల తెలివిలో లేదు. మాట చెవి దాకా రావడం లేదు, అంతే.

మరి మిషను ఉంది కదా అంటారు. చెవి మిషను మాటను పెద్దది చేస్తుంది. దాంతో పాటు చప్పుడును కూడా పెద్దది చేస్తుంది. ఫ్యాను, బెంచీ గీకుడు, పక్క తరగతిలో చదివే ఎక్కాలు, రేకుల మీద వాన, అన్నీ చెవిలో పడతాయి. ఈ కాలపు మిషన్లు చప్పుడును కొంత తగ్గిస్తాయి. పూర్తిగా తీసేయలేవు.

ఇంకొకటి దూరం. ఆరుబయట ఒక గజం దూరంలో ఉన్న మనిషి రెండు గజాలకు జరిగితే, మన చెవికి చేరే శబ్దం బలం నాలుగో వంతుకు పడిపోతుంది. నాలుగు గజాలకు జరిగితే పదహారో వంతే మిగులుతుంది. గదిలో అయితే గోడలకు తగిలిన మాట తిరిగి వచ్చి కొత్త మాట మీద పడుతుంది. అందుకే చెవి మిషను దగ్గరి మాటకు బాగా పనిచేస్తుంది, దూరపు మాటకు చాలదు.

దీనికి ఒక ఉపాయం ఉంది. దాన్ని ఎఫ్.ఎం. పద్ధతి అంటారు. రేడియో సంగతి మీకు తెలుసు. హైదరాబాద్ ఆకాశవాణిలో మాట్లాడిన మాట చేవెళ్లలో మన పక్కనే మాట్లాడినట్టు వినపడుతుంది. నడుమ ఎన్ని లారీలు పోయినా ఆ చప్పుడు అందులో కలవదు. ఇదీ అట్లాంటిదే. చిన్న రేడియో స్టేషను టీచర్ మెడలో ఉంటుంది. చిన్న రేడియో పిల్ల చెవి దగ్గర ఉంటుంది. టీచర్ నల్లబల్ల దగ్గర నిలబడి చెప్పినా, చెవి పక్కన చెప్పినట్టే ఉంటుంది. ఇప్పుడు వచ్చే వాటిలో చాలా వరకు డిజిటల్‌వి. పని అదే.

అన్ని చెవి మిషన్లకూ ఇది అతకదు. వినికిడి పరీక్ష చేసే నిపుణులు చూసి కలపాలి. కొన్నిటికి చిన్న ముక్క తగిలిస్తారు. కొన్నిటికి మెడలో తీగ హారం వేస్తారు.

వాడేటప్పుడు టీచర్ చూసుకోవలసినవి ఉన్నాయి. మైకు గడ్డం కింద, నోటికి జానెడు లోపల ఉండాలి. పుస్తెలతాడు, నల్లపూసలు, చీర కొంగు మైకుకు రాసుకుంటే పిల్ల చెవిలో గరగర మోగుతుంది. వేరే పిల్ల పాఠం చదువుతుంటే మైకు ఆ పిల్ల చేతికి ఇవ్వాలి. లేకపోతే మన పిల్లకు టీచర్ మాట తప్ప ఎవరి మాటా సరిగా అందకపోవచ్చు. బయటికి పోయేటప్పుడు మైకు ఆపాలి. మరిచిపోతే పక్క గదిలో టీచర్లు మాట్లాడుకునే ఇంటి ముచ్చట్లన్నీ పిల్ల వింటుంది! రాత్రి చార్జింగు పెట్టాలి.

తల్లి చేయవలసిన పని ఒకటుంది. చదువు నేర్చిన తల్లికి ఇది సులువు. పొద్దున బడికి పంపే ముందు పిల్ల వెనక నిలబడండి. మీ పెదవులు కనపడకూడదు. మామూలు గొంతుతో ఒక్కొక్కటే పలకండి: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. పిల్ల తిరిగి పలకాలి. ఈ ఆరు శబ్దాలను డేనియల్ లింగ్ అనే వినికిడి పండితుడు ఎంచాడు. మాటల్లోని బొంగురు శబ్దాలు, సన్నని శబ్దాలు అన్నీ ఈ ఆరింటి పరిధిలో వస్తాయి. నిన్న పలికిన 'స్' ఇవాళ పలకలేదంటే సెల్లు అయిపోయి ఉండవచ్చు. గులిమి అడ్డు పడి ఉండవచ్చు. చెవిలో చీము ఉంటే దవాఖానకు తీసుకుపోవాలి. నూనె పోయకూడదు. సెల్లు చిన్న పిల్లలకు అందనీయకండి. మింగితే ప్రాణానికే ముప్పు. వెంటనే దవాఖానకు పరుగెత్తాలి.

ఈ పరికరం ఖరీదైనది. అది వచ్చేదాకా పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టమని అడగండి. టీచర్ బోర్డు వైపు తిరిగి కాకుండా పిల్లల వైపు తిరిగి చెప్పాలి. కొన్ని కొత్త మిషన్లు ఫోనుతో కలుస్తాయి. అట్లాంటప్పుడు ఫోను మాట్లాడే వారి దగ్గర పెడితే అదే మైకు అవుతుంది.

పరీక్ష ఎక్కడ చేయించాలి? ముందు చేవెళ్ల సర్కారు దవాఖానలో చూపించండి. హైదరాబాద్ కోఠిలో సర్కారు ఇ.ఎన్.టి. దవాఖాన ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ వారి కేంద్రం ఉంది. ఈ సంస్థ 1983లో బొంబాయిలో మొదలైంది. అలీ యావర్ జంగ్ మన హైదరాబాద్ మనిషే. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పెద్దగా పనిచేశాడు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. మీకు దగ్గరిది ఏదో బడిలో అడగండి.

2016లో వచ్చిన చట్టం 17వ సెక్షన్‌లో ఒక మాట ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు 18 ఏళ్ల దాకా పుస్తకాలు, చదువుకు కావలసిన సహాయ పరికరాలు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు సర్కారు చేయాలి. నోటితో అడిగితే మరిచిపోతారు. కాగితం మీద రాసి ఇవ్వండి:

"ప్రధానోపాధ్యాయులు గారికి,
నమస్కారం. మా అమ్మాయి మీ బడిలో నాలుగో తరగతి చదువుతున్నది. రెండు చెవులకూ వినికిడి తక్కువ. చెవి మిషను ఉన్నా పాఠం వినపడడం లేదు. ఎఫ్.ఎం. పరికరం కోసం పై అధికారులకు రాయగలరు. అందాకా ముందు వరుసలో కూర్చోబెట్టగలరు. వినికిడి పరీక్ష కాగితం, సర్టిఫికెట్ నకళ్లు జత చేశాను.
ఇట్లు,
తల్లి సంతకం, తేదీ"

ఇట్లాంటివే రెండు రాయండి. ఒకటి బడిలో ఇవ్వండి. రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని ఇంట్లో దాచుకోండి.