నేర్చినవారిని నేర్పేవారిగా నిలబెడదాం

హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ యుద్ధం ముగిశాక మక్కా ఖైదీలను మదీనాకు తీసుకువచ్చారు. ధనమున్నవారు పరిహారం చెల్లించి విడుదలయ్యారు. ధనం లేకపోయినా చదవడం, రాయడం వచ్చినవారి కోసం దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ఏర్పాటు చేశారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. మదీనా పిల్లల్లో పదిమందికి చదువు నేర్పితే అదే వారి విడుదలకు పరిహారం. ఆ ఖైదీలు నిన్నటిదాకా కత్తి పట్టి ఎదురు నిలిచినవారే. అయినా వారి దగ్గరున్న విద్యను వృథా పోనివ్వలేదు. నేర్పే పనికి ధనంతో సమానంగా వెల కట్టారు.

సేవా సంస్థలు నడిపేవారు, వాటికి విరాళాలిచ్చేవారు ఈ సంఘటనలో ఒక లెక్క గమనించాలి. ఒక్కరికి పని నేర్పితే ఒక ఇల్లు నిలబడుతుంది. నేర్పడం వచ్చిన ఒక్కరిని నిలబెడితే ఏటా ఒక తరగతి నిలబడుతుంది. మనం ఏళ్ళుగా మొదటి పని చేస్తున్నాం. ఐటీఐ ఫీజు కడుతున్నాం, కుట్టు మిషన్లు ఇస్తున్నాం, నర్సింగ్ చదివే ఆడపిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తున్నాం. రెండో పని గురించి ఇప్పటిదాకా తీరిగ్గా ఆలోచించలేదు. దాని గురించే ఈ వ్యాసం.

ఒక కుర్రవాడు చెప్పిన పాఠం

మన సహాయంతో ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఐటీఐ పూర్తి చేసిన ఒక యువకుడు ఆరేళ్ళు కాంట్రాక్టరు దగ్గర పనిచేశాడు. పనిమంతుడని పేరు తెచ్చుకున్నాడు. దగ్గరి ఊరిలో ఒక ప్రైవేటు ఐటీఐకి ఇన్‌స్ట్రక్టర్ కావాలని తెలిసి వెళ్ళాడు. అక్కడివారు వైరింగ్ చేయించి చూసి మెచ్చుకున్నారు. తరువాత రెండు కాగితాలు అడిగారు. ఒకటి క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ సర్టిఫికెట్. అలాంటిది ఒకటుందని అతనికి తెలియదు. రెండోది అనుభవ పత్రం. కాంట్రాక్టరు ఆరేళ్ళూ రోజు కూలీ చేతికి ఇచ్చాడే తప్ప ఏనాడూ ఒక్క కాగితం ఇవ్వలేదు. "సాబ్, పని చూపించమంటే చూపిస్తాను, కాగితం ఎక్కడి నుంచి తేను?" అని మా విద్యా కమిటీ ముందు కూర్చుని అడిగాడు.

మా దగ్గర జవాబు లేదు. తప్పు అతనిది కాదు. ఫీజు కట్టిన రోజునే ఈ రెండు మాటలు మేము చెప్పి ఉండవలసింది. చెప్పాలంటే ముందు మాకు తెలిసి ఉండాలి కదా. అప్పటి నుంచి అడిగి తెలుసుకున్న విషయాలను దాతలందరి ముందు పెడుతున్నాను. మీ మహల్లాలో ఇలాంటి పిల్లలు కనిపిస్తే మీరే చెప్పవచ్చు.

ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే

ఐటీఐల చదువుకు కేంద్ర ప్రభుత్వపు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్ నియమాలు వర్తిస్తాయి. ఇన్‌స్ట్రక్టర్‌కు ట్రేడులో చదువుతో పాటు ఆ పనిలో అనుభవం కావాలి. ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవారికి ఒక ఏడాది, డిప్లొమా ఉన్నవారికి రెండేళ్ళు, ఐటీఐ లేదా అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఉన్నవారికి మూడేళ్ళు. వీటితో పాటు నేషనల్ క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఉండాలి.

మన పిల్లలకు ధైర్యమిచ్చే నియమం మరొకటి ఉంది. రెండు యూనిట్లకు ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు అవసరమైన ట్రేడుల్లో ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా చదివినవారై ఉండాలి, రెండోవారు ఐటీఐ లేదా అప్రెంటిస్‌షిప్ దారిలో వచ్చినవారై ఉండాలి. అంటే ఐటీఐ చదివిన కుర్రవాడు ఇంజనీర్లతో పోటీపడి ఓడిపోతానని భయపడనక్కరలేదు. పనిముట్టు పట్టి ఎదిగినవాడి కోసమే ఒక కుర్చీ వేసి ఉంచారు. ఆ కుర్చీ దాకా వెళ్ళే దారి తెలియకపోవడమే మనవారి కొరత.

ఆ దారి పేరు క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్. వాడుకలో సీఐటీఎస్ అంటారు. ఏడాది కోర్సు. ప్రవేశానికి అఖిల భారత స్థాయిలో పరీక్ష ఉంటుంది. నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లలో దీన్ని నేర్పుతారు. హైదరాబాదులో విద్యానగర్‌లోనూ రామంతాపూర్‌లోనూ ఇవి ఉన్నాయి. పాతతరం వారు వీటిని ఏటీఐ అనేవారు. మహిళలకు ప్రత్యేకంగా కూడా ఇలాంటి సంస్థలు ఉన్నాయి. దుస్తుల తయారీ, సౌందర్య పోషణ వంటి ట్రేడుల్లో అక్కడ బోధకులు తయారవుతారు. ఇంట్లో కుట్టుపని చేసుకుంటున్న మన ఐటీఐ చదివిన ఆడపిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

ఈ కోర్సులో అసలు అడ్డంకి ఫీజు కాదు, ఆ ఏడాది ఇల్లు గడవడం. పెళ్ళయి పిల్లలున్న పాతికేళ్ళ మనిషి సంపాదన ఆపుకుని చదువుకు కూర్చోలేడు. మన సహాయం చేరవలసిన చోటు ఇదే.

స్వల్పకాలిక శిక్షణ కేంద్రాలు

ఐటీఐలు కాక, కొన్ని వారాల్లో లేదా కొన్ని నెలల్లో పని నేర్పే కేంద్రాలు ఉన్నాయి. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వంటి పథకాల కింద నడిచేవి వీటిలో ఎక్కువ. ఇక్కడ బోధించడానికి ఆయా రంగాల స్కిల్ కౌన్సిళ్ళు 'ట్రైనింగ్ ఆఫ్ ట్రైనర్స్' పేరుతో శిక్షణ, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తాయి. ఆసుపత్రి సహాయకులు, ఎలక్ట్రానిక్స్, దుస్తులు, నిర్మాణం ఇలా ఒక్కో రంగానికి ఒక్కో కౌన్సిల్ ఉంది. సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది కాబట్టి ఆ తేదీని గుర్తుంచుకోవాలి.

గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన మనవారికి ఈ దారి బాగా పనికొస్తుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల్లో పది పదిహేనేళ్ళు ఏసీ మెకానిక్‌గా, వెల్డర్‌గా పనిచేసి వచ్చినవారు ఎందరో ఉన్నారు. నైపుణ్యం ఉంది, చదువు కాగితం లేదు. అలాంటివారి అనుభవాన్ని పరీక్షించి గుర్తించే విధానం ఉంది. దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. అయితే ఇది ఐటీఐ సర్టిఫికెట్‌తో సమానమని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు కట్టవద్దు. దేని విలువ దానిదే.

ఉర్దూ బాగా వచ్చినవారు మరో సంస్థను కూడా గుర్తుపెట్టుకోవాలి. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఐటీఐలను, పాలిటెక్నిక్‌లను కూడా నడుపుతోంది. పని, ఉర్దూ రెండూ వచ్చిన మనిషికి అక్కడి నియామక ప్రకటనలు చూస్తూ ఉండడం లాభం.

ఆసుపత్రి చదువుల్లో బోధన

మదీనాలో మస్జిదె నబవీ దగ్గర గుడారం వేసి గాయపడినవారికి సేవ చేసిన హజ్రత్ రుఫైదా (రజియల్లాహు అన్హా) పేరు మనకు తెలుసు. ఆమె ఇతర స్త్రీలకు కూడా ఆ సేవ నేర్పారని చెబుతారు. ఈనాడు క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ చేసే పని అదే. విద్యార్థినులను వార్డుకు తీసుకెళ్ళి, రోగి పక్కన నిలబడి, చేయి పట్టి నేర్పడం.

భారత నర్సింగ్ మండలి ప్రమాణాల ప్రకారం నర్సింగ్ విద్యలో పదిమంది విద్యార్థులకు ఒక బోధకులు ఉండాలి. బద్ర్ ఖైదీల లెక్కా పదిమందే అన్నది ఇక్కడ గుర్తుకొస్తుంది. అంటే నర్సింగ్ కళాశాల ఉన్న ప్రతిచోటా ట్యూటర్ల అవసరం ఉంటుంది. బీఎస్సీ నర్సింగ్ లేదా పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివి, ఏడాది అనుభవం ఉంటే ట్యూటర్ ఉద్యోగానికి ప్రయత్నించవచ్చు. ఎంఎస్సీ ఉంటే పైమెట్టు. జీఎన్‌ఎం చదివినవారు ముందు రెండేళ్ళ పోస్ట్ బేసిక్ పూర్తి చేయాలి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణలో చదివి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేయాలనుకున్నా, అక్కడ చదివి ఇక్కడికి వచ్చినా ఆ రిజిస్ట్రేషన్ సంగతి ముందే చూసుకోవాలి.

ల్యాబ్ టెక్నీషియన్ చదివినవారికీ దారి ఉంది. రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ ఒకేషనల్ విభాగంలో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, మహిళా ఆరోగ్య కార్యకర్త కోర్సులు ఉన్నాయి. వాటికి బోధకులు కావాలి. ఈ వృత్తుల చదువును క్రమబద్ధం చేయడానికి 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కనుక రేపటి రోజున సరైన అర్హత ఉన్నవారికే విలువ పెరుగుతుంది.

పని రావడం వేరు, నేర్పడం వేరు

ఇంటర్వ్యూలో చాలామంది తడబడేది డెమో క్లాసు దగ్గర. పదేళ్ళ అనుభవమున్న నర్సు రక్తపోటు చూడడం అరనిమిషంలో ముగిస్తుంది. చెప్పమంటే, "ఇలా కట్టి ఇలా చూడడమే" అంటుంది. విద్యార్థినికి అది చాలదు. రోగిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టడం, చేయి గుండె ఎత్తున ఉంచడం, మోచేతి మడతకు రెండు వేళ్ళ పైన పట్టీ కట్టడం, నాడి అందకుండా పోయే అంకెను ముందు గుర్తించడం, గాలిని సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున వదలడం, ఇలా విడదీసి చెప్పాలి. ఏ మెట్టు తప్పితే అంకె ఎలా తప్పుతుందో కూడా చెప్పాలి.

ఇన్‌స్ట్రక్టర్ శిక్షణలో దీన్ని నాలుగు మెట్లుగా నేర్పుతారు. విద్యార్థిని సిద్ధం చేయడం, చేసి చూపడం, అతనిచేత చేయించడం, నేర్చాడో లేదో పరీక్షించడం. డెమోకు వెళ్ళేముందు ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో ఈ నాలుగు మెట్లలో ఒక పాఠం చెప్పి చూసుకుంటే భయం సగం తగ్గుతుంది.

కాగితం కూడా అమానతే

ఇక్కడ రెండు హెచ్చరికలు. మొదటిది, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచవద్దు. చూపించి, నకళ్ళు ఇచ్చి, ఒరిజినల్స్ వెంట తెచ్చుకోవాలి. అవి కళాశాల బీరువాలో ఇరుక్కుపోయి, మంచి అవకాశం వచ్చినా కదలలేకపోయిన ఆడపిల్లలను చూశాం.

రెండోది ఇంకా బరువైనది. తనిఖీ రోజున మాత్రం వచ్చి కూర్చుంటే చాలు, మీ పేరు బోధకుల జాబితాలో ఉంటుంది, ఏడాదికి ఇంత ఇస్తాం అని కొందరు అడుగుతారు. శ్రమ లేని డబ్బులా కనిపిస్తుంది. నిజానికి అది అబద్ధపు సాక్ష్యం. ఆ తరగతిలో నేర్పేవారు లేక అరకొరగా నేర్చిన పిల్ల రేపు ఒక రోగికి సూది వేస్తుంది. ఆ రోగి మన తల్లి కావచ్చు. హలాల్ సంపాదన గురించి ఇన్ని ప్రసంగాలు వినే మనం ఈ మాట కూడా మన పిల్లలకు స్పష్టంగా చెప్పాలి.

దాతలు చేయగలిగినవి

ఒకటి, సీఐటీఎస్ లేదా పోస్ట్ బేసిక్ చదివేవారి ఇంటికి చదువు పూర్తయ్యేదాకా నెలనెలా ఖర్చు ఇవ్వడం. జకాత్ సొమ్ము అర్హులకే చేరాలి కనుక ఏది జకాత్ నుంచి, ఏది సదఖా నుంచి అన్నది ఉలమాలను అడిగి నిర్ణయించుకోవాలి.

రెండు, మీలో వర్క్‌షాపులు, ఆసుపత్రులు, కాంట్రాక్టు సంస్థలు నడిపేవారు ఉన్నారు. మీ దగ్గర పనిచేసినవారికి చేరిన తేదీ, మానిన తేదీ, చేసిన పని, విభాగం రాసి లెటర్‌హెడ్‌పై అనుభవ పత్రం ఇవ్వండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. అయితే చేయని పనికి మాత్రం ఇవ్వకండి.

మూడు, స్కాలర్‌షిప్ ఇచ్చే రోజునే పిల్లలతో ఒక ఫైలు పెట్టించండి. మార్కుల పత్రాలు, రిజిస్ట్రేషన్, అనుభవ పత్రాలు అన్నీ అందులో చేరుతూ ఉండాలి.

నాలుగు, మీ ఊరి ఐటీఐకి, నర్సింగ్ కళాశాలకు ప్రవేశాలకు ముందు ఒకసారి వెళ్ళి, ఏ ట్రేడుకు బోధకులు కావాలో అడిగి కమిటీకి చెప్పండి.

మనిషి మరణించాక కూడా పుణ్యం అందుతూ ఉండే ఆచరణల్లో నిరంతర దానం, ప్రయోజనకరమైన విద్య ఉన్నాయని మనకు తెలుసు. ఒక బోధకుణ్ణి నిలబెట్టడంలో ఆ రెండూ కలిసి ఉన్నాయి. కాగితాలు లేక వెనుదిరిగిన ఆ యువకుడు ఇప్పుడు తన పని తేదీలను నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. కొత్త యజమాని దగ్గర ప్రతి ఏడాదికీ పత్రం తీసుకుంటున్నాడు. ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్నాడు. అతను ఆ ఏడాది చదువుకు కూర్చున్నప్పుడు ఇంట్లో పొయ్యి ఆరకుండా చూడవలసిన బాధ్యత మనది.

అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక, మన పిల్లల విద్యను పదిమందికి అందించుగాక. ఆమీన్.