గుర్రాలలో ఇన్సులిన్ నిరోధకత, గిట్టల నొప్పి: నివారణలో గ్రాస యాజమాన్యం పాత్ర

సారాంశం

గుర్రాలు, పోనీలలో లామినైటిస్ అనే తీవ్రమైన గిట్ట వ్యాధికి రక్తంలో ఇన్సులిన్ అధికంగా ఉండటం ఒక ప్రధాన కారణం. ఇన్సులిన్‌ను పెంచేవి మేతలోని చక్కెరలు, స్టార్చ్. ఇవి గడ్డిలో ఎంత ఉండాలో గడ్డి రకం, ఉష్ణోగ్రత, నత్రజని, నేలలో తేమ, కోత సమయం నిర్ణయిస్తాయి. కనుక ఈ వ్యాధి నివారణ పశువైద్యశాలలో కాక పొలంలోనే మొదలవుతుంది. గ్రాస యాజమాన్యానికి, గిట్ట ఆరోగ్యానికి గల సంబంధాన్ని, విస్తరణ శాస్త్రవేత్తలు సూచించదగిన పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

గుర్రం గిట్ట గోడ లోపలి వైపు, గిట్ట ఎముక వెలుపలి వైపు ఆకుల వంటి పలుచని పొరలు ఉంటాయి. ఇవి ఒకదానిలో ఒకటి చొచ్చుకుని ఎముకను గోడకు పట్టి ఉంచుతాయి. జంతువు బరువంతా ఈ పట్టు మీదే ఆధారపడి ఉంటుంది. లామినైటిస్‌లో ఈ పొరలు సాగి, బలహీనపడి విడిపోతాయి. వ్యాధి ముదిరితే ఎముక తిరిగి అరికాలి వైపు దిగుతుంది. ఆ దశలో నొప్పి అదుపులోకి రాక కారుణ్య మరణమే శరణ్యమయ్యే సందర్భాలున్నాయి.

బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో పచ్చిక బయళ్ళపై మేసే పోనీలలో ఈ వ్యాధి తరచుగా కనిపిస్తుంది. ఏపుగా పెరిగిన పచ్చికలోని మాంసకృత్తులే దీనికి కారణమని చాలాకాలం భావించారు. స్థూలకాయం, ఇన్సులిన్ నిరోధకత, లామినైటిస్ కలిసి కనిపించే స్థితికి 2002లో ‘ఎక్వైన్ మెటబాలిక్ సిండ్రోమ్’ అనే పేరు ప్రతిపాదించబడింది. అప్పటి నుంచి దృష్టి మాంసకృత్తుల నుంచి పిండిపదార్థాల వైపు మళ్ళింది.

ఇన్సులిన్‌కు, గిట్టకు సంబంధం

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జరిగిన ప్రయోగాలు ఈ విషయంలో నిర్ణాయకమైనవి. 2007లో ప్రచురితమైన ప్రయోగంలో ఆరోగ్యవంతమైన పోనీలకు రక్తనాళం ద్వారా ఇన్సులిన్‌ను నిరంతరంగా ఎక్కించారు. రక్తంలోని గ్లూకోజ్ తగ్గకుండా దానినీ సమాంతరంగా అందించారు. మూడు రోజులలోపే ఆ పోనీలన్నింటిలో లామినైటిస్ వచ్చింది. 2010లో ప్రచురితమైన మరో ప్రయోగంలో స్టాండర్డ్‌బ్రెడ్ గుర్రాలలోనూ 48 గంటల్లో ఇదే ఫలితం కనిపించింది. గ్లూకోజ్ సాధారణ స్థాయిలో ఉన్నా, అధిక ఇన్సులిన్ ఒక్కటే గిట్టను దెబ్బతీయగలదని దీనితో స్పష్టమైంది.

ఈ స్థితిని మనుషుల మధుమేహంతో సమానంగా చూడరాదు. గుర్రంలో క్లోమం చాలాకాలం అధికంగా ఇన్సులిన్ స్రవిస్తూ గ్లూకోజ్‌ను అదుపులో ఉంచుతుంది. అందువల్ల గ్లూకోజ్ పరీక్ష ఒక్కటే చేస్తే వ్యాధి బయటపడకపోవచ్చు. ఇన్సులిన్‌నే కొలవాలి. నిర్ణీత మోతాదులో చక్కెర ద్రావణం తాగించి, 60 నుంచి 90 నిమిషాల తరువాత రక్తంలో ఇన్సులిన్ స్థాయిని చూసే పరీక్ష వాడుకలో ఉంది. వయసు మళ్ళిన గుర్రాలలో పిట్యూటరీ గ్రంథి రుగ్మత కూడా ఇన్సులిన్‌ను పెంచవచ్చు కనుక దానినీ పరీక్షించవలసి ఉంటుంది.

గడ్డిలో చక్కెర పేరుకునే తీరు

మొక్క పగటిపూట కిరణజన్య సంయోగక్రియ ద్వారా చక్కెరను తయారు చేసుకుంటుంది. పెరుగుదలకు, శ్వాసక్రియకు దానిని ఖర్చు చేస్తుంది. ఉత్పత్తి కంటే ఖర్చు తగ్గినప్పుడు చక్కెర మిగిలిపోతుంది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే కింది విషయాలన్నీ సులభంగా అర్థమవుతాయి.

మొదటిది, గడ్డిలో చక్కెర తెల్లవారుజామున తక్కువగా, మధ్యాహ్నం తరువాత ఎక్కువగా ఉంటుంది. రెండవది, రాత్రి ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే పెరుగుదల నిలిచిపోయి ముందురోజు చక్కెర ఖర్చు కాకుండా మిగులుతుంది. అందుకే మంచు కురిసిన ఉదయం, పగలు బాగా ఎండ కాసే రోజుల్లో, శీతల ప్రాంతపు పచ్చిక ప్రమాదకరం. మూడవది, నత్రజని లోపం లేదా ఒక మోస్తరు బెట్ట ఏర్పడితే చక్కెర తయారీ కంటే ముందుగా పెరుగుదల దెబ్బతింటుంది. పాలిపోయి, గిడసబారిన గడ్డి చూపుకు బలహీనంగా ఉన్నా దానిలో చక్కెర శాతం అధికంగా ఉండవచ్చు. ‘బీడు గడ్డే కదా, ఏమీ కాదు’ అనే భరోసా పొరపాటుకు దారితీసేది ఇక్కడే.

గడ్డి జాతిని బట్టి కూడా తేడా ఉంటుంది. రైగ్రాస్ వంటి శీతల మండల సి3 గడ్డి జాతులు మిగిలిన చక్కెరను ఫ్రక్టాన్ల రూపంలో ప్రధానంగా కాండాలలో, కాండం మొదళ్ళలో నిల్వచేస్తాయి. బెర్ముడా వంటి ఉష్ణ మండల సి4 జాతులు స్టార్చ్ రూపంలో నిల్వచేస్తాయి. వీటిలో మొత్తం నిల్వ సాధారణంగా తక్కువ. వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో పాడి పశువులు, గొర్రెల కోసం అధిక చక్కెర గల రైగ్రాస్ రకాలను రూపొందించారు. నెమరువేసే పశువుకు మేలు చేసే ఆ గుణమే ఇన్సులిన్ నిరోధకత గల పోనీకి ముప్పు. ఏ జంతువు కోసమో తెలియకుండా ‘మేలైన గ్రాసం’ అని చెప్పడం సరికాదు.

మేత లెక్క

ఇన్సులిన్ నిరోధకత గల గుర్రానికి ఇచ్చే గ్రాసంలో చక్కెరలు, స్టార్చ్ కలిపి పొడి పదార్థంలో 10 శాతానికి మించకూడదన్నది సాధారణ సిఫారసు. బరువు తగ్గవలసిన గుర్రానికి రోజుకు శరీర బరువులో సుమారు 1.5 శాతం పొడి పదార్థం ఇస్తారు. 400 కిలోల గుర్రానికి ఇది 6 కిలోలు. 10 శాతం గ్రాసమైతే అందే చక్కెర, స్టార్చ్ 600 గ్రాములు. 18 శాతం గ్రాసమైతే 1,080 గ్రాములు. దాణాగా అర కిలో మొక్కజొన్న పెడితే అదొక్కటే సుమారు 300 గ్రాముల స్టార్చ్‌ను చేరుస్తుంది. కనుక ముందుగా మానవలసినవి ధాన్యం, బెల్లం, తీపి దాణా. ఖనిజ మిశ్రమాన్ని మాత్రం కొనసాగించాలి.

ఎండుగడ్డిలో చక్కెర ఎంతో కంటితో గుర్తించలేము. ప్రయోగశాల పరీక్ష తప్పనిసరి. పరీక్ష సాధ్యం కానప్పుడు చల్లని నీటిలో 30 నుంచి 60 నిమిషాలు నానబెట్టి, ఆ నీటిని పారబోసి మేపవచ్చు. అయితే చక్కెర తగ్గే పరిమాణం ఒక్కో గడ్డిలో ఒక్కో విధంగా ఉంటుంది. కొన్ని ఖనిజాలు కూడా నీటిలో పోతాయి. వేడి వాతావరణంలో ఎక్కువసేపు నానబెడితే గడ్డి పులుస్తుంది.

మేత తగ్గించడమంటే పస్తు పెట్టడం కాదు. లావుగా ఉన్న పోనీలు, గాడిదలు హఠాత్తుగా ఆకలికి గురైతే శరీరంలోని కొవ్వు కరిగి రక్తాన్ని ముంచెత్తుతుంది. ఈ హైపర్‌లిపీమియా ప్రాణాంతకం.

గుర్తింపు, తక్షణ చర్యలు

మెడ పైభాగాన గట్టిపడిన కొవ్వు, తోక మొదట్లో కొవ్వు గడ్డలు, గిట్టపై మడమ వైపు వెడల్పయ్యే వలయాలు ముందస్తు సూచనలు. మలుపు తిరిగేటప్పుడు కుంటడం, గట్టి నేలపై పొట్టి అడుగులు వేయడం, ముందుకాళ్ళు చాచి బరువును వెనుకకు మోపి నిలబడటం, గిట్ట పైన నాడి బలంగా కొట్టుకోవడం వ్యాధి లక్షణాలు. ఇవి కనిపించిన వెంటనే పచ్చిక, దాణా ఆపి, మందమైన మెత్తని పరుపు వేసి, పశువైద్యుని పిలిపించాలి. నడిపిస్తే పట్టు వదులుతుందని నడిపించడం హానికరం. క్రమబద్ధమైన వ్యాయామం ఇన్సులిన్ నిరోధకతను తగ్గిస్తుంది. కానీ అది గిట్ట కోలుకున్న తరువాతే.

తెలుగు రాష్ట్రాలకు అన్వయం

తెలుగు ప్రాంతంలో చాలా చోట్ల మంచు ఉదయాలు, రైగ్రాస్ బయళ్ళు లేవు. మన్యం గ్రామాలలో సరుకు మోసే గుర్రాలకు శ్రమ ఎక్కువ, మేత తక్కువ కనుక వాటికి ఈ ముప్పు స్వల్పం. పని లేకుండా కట్టివేసి దాణాతో పోషించే స్వారీ పోనీలు, విశ్రాంత గుర్రాలు, ఊరేగింపు గుర్రాల విషయంలోనే జాగ్రత్త అవసరం. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్న సామెత వీటికి సరిగ్గా వర్తిస్తుంది. పని తగ్గినప్పుడు దాణా కూడా తగ్గాలి.

చక్కెర తక్కువన్న కారణంతో మాత్రమే గ్రాసాన్ని ఎంపిక చేయరాదు. హైబ్రిడ్ నేపియర్ వంటి గడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియంను పట్టి ఉంచుతాయి. దీర్ఘకాలం అదే మేపితే గుర్రం ముఖపు ఎముకలు ఉబ్బే వ్యాధి రావచ్చు. కాల్షియం అధికంగా గల లూసర్న్‌ను కొద్దిగా కలపడం దీనికి మార్గం. పచ్చి జొన్న మేత గుర్రాలలో మూత్రాశయ వాపునకు, నడకలో తూలుడుకు కారణమవుతుంది కనుక దానిని సిఫారసు చేయరాదు. వరిగడ్డిలో చక్కెర తక్కువే అయినా మాంసకృత్తులు, ఖనిజాలు చాలవు; అదొక్కటే ఆహారం కాజాలదు.

ముగింపు

గిట్టలో నొప్పి కనిపించేనాటికి పొరలలో నష్టం మొదలై ఉంటుంది. అంతకుముందు చేయగలిగినది మేతలోనే ఉంది. గ్రాసపు పంటల సిఫారసులు ఇంతవరకు దిగుబడి, మాంసకృత్తుల శాతం ఆధారంగా సాగాయి. గుర్రాల పెంపకందారులకు సలహా ఇచ్చేటప్పుడు వీటికి చక్కెర, స్టార్చ్ శాతాన్ని కూడా జోడించాలి. గ్రాస నమూనా విశ్లేషణ, పశువైద్యుని ఇన్సులిన్ పరీక్ష ఒకదానికొకటి తోడైనప్పుడే ఈ వ్యాధిని ముందుగా అడ్డుకోగలం.